ప్రత్యుత్పత్తి వివక్తత: ఒక భావన, దాని పరిభాష, దానిలోని వైరుధ్యం

జాతి అంటే ఏమిటన్న ప్రశ్నకు జీవశాస్త్ర విద్యార్థి చెప్పే మొదటి సమాధానం దాదాపు ఎప్పుడూ ఎర్నెస్ట్ మేయర్‌దే. తమలో తాము సంపర్కించుకుంటూ, ఇతర సమూహాల నుంచి ప్రత్యుత్పత్తి పరంగా వేరుపడి ఉండే సహజ జనాభాల సమూహమే జాతి అని ఆయన 1942లో వెలువరించిన ‘సిస్టమాటిక్స్ అండ్ ది ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ గ్రంథంలో నిర్వచించారు. ఈ నిర్వచనానికి ప్రాణం ‘ప్రత్యుత్పత్తి వివక్తత’ అనే భావన. తెలుగు మాధ్యమంలోనైనా ఆంగ్ల మాధ్యమంలోనైనా తరగతి గదిలో ఈ భావన ఒక జాబితా రూపంలోనే పరిచయమవుతుంది. ఆవాసాలు వేరుకావడం, పూతకాలం వేరుకావడం, జతకట్టే ప్రవర్తన పొసగకపోవడం, జననాంగాలు అమరకపోవడం, సంయోగబీజాలు కలవకపోవడం ఫలదీకరణకు ముందున్న అడ్డంకులు. సంకర సంతతి బతకకపోవడం, బతికినా గొడ్డుబోవడం, తరువాతి తరం క్షీణించడం ఫలదీకరణ తరువాతి అడ్డంకులు. ఈ మొత్తానికి ‘వివక్తత యాంత్రికాలు’ అని పేరు. చివరి ఉదాహరణ ఎప్పుడూ కంచర గాడిదే.

జాబితాలో తప్పేమీ లేదు. దాని శీర్షికతోనే పేచీ. యాంత్రికం అంటే ఒక పని నెరవేర్చడానికి అమర్చిన ఏర్పాటు. తలుపుకు గడియ ఉన్నట్టుగా జాతికి వివక్తత ఉందన్న అర్థం ఆ మాటలో ఇమిడి ఉంది. అయితే గుర్రానికి 64, గాడిదకు 62 క్రోమోసోములు ఉన్నాయి గనుక, 63 క్రోమోసోములతో పుట్టిన కంచర గాడిదలో బీజకణాల తయారీ సాధారణంగా చెడిపోతుందని చెప్పడం ఒకటి, గుర్రం తన జాతిని కాపాడుకోవడానికి ఆ వంధ్యత్వాన్ని ఏర్పరచుకుందని ధ్వనింపజేయడం మరొకటి. మొదటిది పర్యవసానం, రెండోది ప్రయోజనం. ఈ రెండింటి మధ్య తేడా పరిణామ శాస్త్రంలో ఎంత దూరం వెళుతుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

డార్విన్ చెప్పిన అంటుకట్టు

ఈ తేడాను మొదట స్పష్టంగా పట్టుకున్నవారు డార్విన్. 1859 నాటి ‘ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’లో ఎనిమిదో అధ్యాయం పూర్తిగా సంకరణం గురించినది. జాతులు కలగాపులగం కాకుండా ఉండేందుకే వాటికి పరస్పర వంధ్యత్వం ప్రత్యేకంగా ప్రసాదింపబడిందన్న అభిప్రాయం ఆనాటి ప్రకృతి శాస్త్రజ్ఞులలో బలంగా ఉండేది. కోల్‌రాయ్టర్, గార్ట్‌నర్ వృక్షాలపై చేసిన విస్తారమైన సంకరణ ప్రయోగాలను ఆధారం చేసుకుని డార్విన్ ఆ అభిప్రాయాన్ని నిలువునా చీల్చారు. వంధ్యత్వం ఉంటే పూర్తిగా ఉండడం, లేకుంటే అసలే లేకపోవడం అనే పద్ధతి ప్రకృతిలో లేదని, అది సున్నా నుంచి సంపూర్ణం దాకా మెట్లు మెట్లుగా కనిపిస్తుందని చూపించారు. ఒక జాతి మగమొక్క పుప్పొడితో మరో జాతి ఆడమొక్క సులువుగా గింజ కట్టవచ్చు, అదే జోడీని తిరగవేస్తే ఎంత ప్రయత్నించినా గింజ కట్టకపోవచ్చు. జాతుల మధ్య సరిహద్దును కాపాడే ఉద్దేశంతో ఏర్పడిన గుణమైతే అది ఒక దిక్కున మూసుకుని మరో దిక్కున తెరుచుకుని ఎందుకు ఉంటుంది?

ఆ అధ్యాయంలో డార్విన్ వాదానికి మూలస్తంభం అంటుకట్టే విద్య నుంచి తీసుకున్న ఉపమానం. బేరి కొమ్మ తన ప్రజాతికే చెందినదిగా ఆనాడు లెక్కించిన ఆపిల్ మీద కన్నా, వేరే ప్రజాతిగా పరిగణించే క్విన్స్ మీద ఎంతో సులువుగా అంటుకుంటుందని ఆయన గుర్తు చేశారు. ఒక చెట్టు మరో చెట్టుపై అంటు పట్టడం, పట్టకపోవడం ఆ చెట్లకు దేవుడో ప్రకృతో విడిగా ఇచ్చిన గుణమని ఎవరూ అనుకోరు. రసప్రసరణ, పెరుగుదల వేగం, కలప గట్టిదనం వంటి తేడాల యాదృచ్ఛిక పర్యవసానమది. సంకర వంధ్యత్వమూ అటువంటిదేనని డార్విన్ నిర్ణయం. మామిడి అంట్లు కట్టే తోటమాలికి ఈ వాదం ఒక్క క్షణంలో బోధపడుతుంది. పట్టభద్ర విద్యార్థికి బోధపడకుండా పోవడానికి కారణం, ఆ అధ్యాయాన్ని చదివించకుండానే డార్విన్‌ను బోధిస్తూ రావడం.

ఆల్ఫ్రెడ్ వాలెస్ దీనితో ఏకీభవించలేదు. సంకర సంతతి బలహీనమైనదైతే, ఆ సంకరణాన్ని తగ్గించే ప్రతి మార్పునూ ప్రకృతి వరణం ప్రోత్సహించగలదని ఆయన 1868లో డార్విన్‌కు రాసిన లేఖలలో వాదించారు, 1889 నాటి ‘డార్వినిజం’ గ్రంథంలోనూ ఆ అభిప్రాయాన్ని నిలబెట్టుకున్నారు. తరువాతి శతాబ్దపు చర్చ అంతా ఒక విధంగా ఈ ఇద్దరు మిత్రుల మధ్య తేలకుండా మిగిలిపోయిన వివాదానికి కొనసాగింపే.

డాబ్జాన్‌స్కీ గ్రంథంలోని వైరుధ్యం

‘వివక్తత యాంత్రికాలు’ అన్న పదబంధాన్ని ప్రచారంలోకి తెచ్చినవారు థియోడోసియస్ డాబ్జాన్‌స్కీ. 1937లో వెలువడిన ఆయన ‘జెనెటిక్స్ అండ్ ది ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ ఆధునిక పరిణామ సంశ్లేషణకు పునాది గ్రంథాలలో ఒకటి. విమర్శకునికి అందులో ఆసక్తి కలిగించే విషయం, పదబంధం ఒక దారిన, నమూనా మరో దారిన నడవడం.

నమూనా ఇది. ఒకే పూర్వీక జనాభా రెండుగా విడిపోయిందనుకుందాం. ఒక భాగంలో మొదటి జన్యుస్థానం వద్ద ఒక కొత్త యుగ్మవికల్పం వచ్చి స్థిరపడింది. రెండో భాగంలో రెండో జన్యుస్థానం వద్ద ఇంకో కొత్త యుగ్మవికల్పం స్థిరపడింది. ఏ మార్పు కూడా తన జనాభాలో ఎవరికీ కీడు చేయలేదు. కానీ ఆ రెండు కొత్త యుగ్మవికల్పాలు ఒకే శరీరంలో అంతకు మునుపెన్నడూ కలిసి పనిచేయలేదు. జనాభాలు తిరిగి కలిసి సంకర సంతతి పుట్టినప్పుడు మొదటిసారి వాటికి పొత్తు కుదరాలి. కుదరకపోతే సంతతి గొడ్డుబోతుంది, లేదా చస్తుంది. రెండు జన్యువులే ఎందుకు, ఒకటి చాలదా అంటే, ఒకే జన్యువులోని మార్పు వంధ్యత్వం కలిగించేదైతే అది పుట్టిన మొదటి ప్రాణి దగ్గరే ఆగిపోతుంది. రెండు జన్యువుల నమూనా ఈ చిక్కును ఒడుపుగా తప్పించింది. ఇదే ఆలోచనను విలియం బేట్సన్ 1909లోనే చెప్పి ఉన్నారు, హెర్మన్ ముల్లర్ 1942లో విస్తరించారు. నేడు ముగ్గురి పేర్లతోనూ ఆ నమూనా వ్యవహారంలో ఉంది.

ఇందులో ఎక్కడా ‘యాంత్రికం’ లేదు. సంకర సంతతిని నాశనం చేయాలని ఎవరూ పన్నలేదు. విడివిడిగా సాగిన రెండు చరిత్రలు పొసగలేదు, అంతే. జన్యుశాస్త్ర భాషలో డార్విన్ అంటుకట్టు ఉపమానం మళ్లీ చెప్పినట్టయింది. అయినా అదే గ్రంథం ఆ పర్యవసానానికి సాధనాన్ని సూచించే పేరు పెట్టింది. పేరు పాఠ్యపుస్తకాలలోకి ఎక్కింది, నమూనా మాత్రం పరిశోధకుల మధ్యనే చాలాకాలం ఉండిపోయింది. ఈ గ్రంథం గొప్పతనాన్ని ఎంత అంగీకరించినా, దాని పరిభాష దాని ఆలోచనకు అన్యాయం చేసిందన్న నిర్ణయానికి రాక తప్పదు.

డాబ్జాన్‌స్కీ స్వయంగా పనిచేసిన ఈగల కథ ఇక్కడ ప్రస్తావించదగినది. ‘డ్రోసోఫిలా సూడోఆబ్‌స్క్యూరా’లో ‘ఏ’, ‘బి’ అని రెండు తెగలున్నాయని మొదట భావించేవారు. చూపుకు రెండూ ఒకటే. కానీ వాటిని కలిపినప్పుడు పుట్టే మగ ఈగలు గొడ్డువి, ఆడ ఈగలు సారవంతమైనవి. 1944లో డాబ్జాన్‌స్కీ, ఎప్లింగ్ కలిసి ‘బి’ తెగకు ‘డ్రోసోఫిలా పెర్సిమిలిస్’ అని ప్రత్యేక జాతి నామం ఇచ్చారు. ఆ ఏడు ఈగలలో ఏ మార్పూ రాలేదు. నిర్వచనం బలపడింది, దానితో తెగ జాతి అయింది. సారవంతమైన ఆడ సంకరాల ద్వారా రెండింటి మధ్య జన్యు ప్రవాహానికి వీలు తెరిచే ఉందన్న సంగతి మాత్రం కొత్త పేరు వెనుక మరుగున పడింది.

మగ సంకరాలే ఎందుకు దెబ్బతింటాయన్న ప్రశ్నకు జె.బి.ఎస్. హాల్డేన్ 1922లోనే ఒక సూత్రం ఇచ్చారు. మొదటి తరం సంకరాలలో ఒక లింగం లోపించినా, అరుదైనా, గొడ్డుబోయినా అది భిన్న లింగ క్రోమోసోములు గల లింగమే అవుతుందన్నది ఆ సూత్రం. ఈగలలో, క్షీరదాలలో మగవి. పక్షులలో, సీతాకోకచిలుకలలో ఆడవి. శతాబ్దం గడిచినా ఆశ్చర్యకరంగా నిలిచిన నియమమిది. రెండు వేర్వేరు వంశాలలో లింగ క్రోమోసోముల అమరిక తలకిందులైనా సూత్రం నిలవడమే, వంధ్యత్వం ‘జాతి రక్షణ’ కోసం వచ్చినది కాదనడానికి బలమైన సాక్ష్యం. జాతిని కాపాడే ఏర్పాటయితే సంతతిలో సగాన్ని వదిలిపెట్టి ఉండేది కాదు.

పాటర్సన్ అభ్యంతరం, దాని పరిమితి

పరిభాషపై అత్యంత కఠినమైన దాడి హ్యూ పాటర్సన్ నుంచి వచ్చింది. ఆఫ్రికాలో మలేరియాను మోసుకొచ్చే అనాఫిలిస్ గాంబియే దోమల సమూహంపై పనిచేసిన ఆయన, 1985లో ‘గుర్తింపు ఆధారిత జాతి భావన’ను సమగ్రంగా ప్రతిపాదించారు. ఆయన ప్రశ్న సూటిగా ఉంది. ఒక దోమ మరో జాతి దోమను నిరాకరించడం కోసం సంకేతాలు కలిగి ఉందా, లేక తన జతను కనుగొనడం కోసమా? రెండోదే అయితే, జాతిని నిర్వచించవలసింది అది ఎవరిని కాదంటుందన్న దాన్ని బట్టి కాదు, ఎవరిని ఔనంటుందన్న దాన్ని బట్టి. పరజాతితో కలయిక తప్పిపోవడం ఆ గుర్తింపుకు ఉపఫలం మాత్రమే.

పాటర్సన్ విమర్శలో సగభాగం తిరుగులేనిది. దూరపు దీవులలో ఎన్నడూ ఎదురుపడని రెండు జనాభాల మధ్య ఏర్పడిన పొసగనితనాన్ని నిరోధక ఏర్పాటు అనడం అర్థరహితం. ఎదురే లేని చోట నిరోధం దేనికి? అయితే ఆయన అక్కడితో ఆగలేదు. ఎదురుపడిన చోట కూడా ప్రకృతి వరణం వివక్తతను బలపరచదని, వాలెస్ ఆలోచనను, 1940లో డాబ్జాన్‌స్కీ దానికి ఇచ్చిన కొత్త రూపాన్ని పూర్తిగా తోసిపుచ్చారు. ఇక్కడ ఆధారాలు ఆయనకు ఎదురు తిరిగాయి. జెర్రీ కోయిన్, అలెన్ ఓర్ 1989లో 119 డ్రోసోఫిలా జాతుల జోడీలను పోల్చి చూశారు. ఒకే ప్రాంతంలో కలిసి బతికే జోడీలలో, జన్యుపరంగా ఇంకా దగ్గరగా ఉన్న దశలోనే జతకట్టడానికి నిరాకరణ బలంగా కనిపించింది. వేర్వేరు ప్రాంతాల జోడీలలో అదే జన్యు దూరం వద్ద ఆ నిరాకరణ బలహీనంగా ఉంది. సంకర సంతతి వంధ్యత్వం విషయంలో ఇటువంటి తేడా కనిపించలేదు. అంటే ఫలదీకరణకు ముందరి వివక్తతలో కొంత భాగానికి వాలెస్ చెప్పిన కారణం వర్తిస్తుంది, తరువాతి వివక్తతకు డార్విన్ చెప్పినదే వర్తిస్తుంది.

ఈ ఫలితం వెలుగులో పాఠ్యపుస్తకపు జాబితాను తిరిగి చూస్తే దాని అసలు లోపం తెలుస్తుంది. రెండు భిన్న కారణాల నుంచి వచ్చిన వాటిని అది ఒకే శీర్షిక కింద, ఒకే వరుసలో, ఒకే స్వభావం గలవన్నట్టుగా నిలబెడుతుంది. ఆవాసం వేరుకావడం గుడ్లగూబ రాత్రి తిరగడం వంటి జీవన విధానపు పర్యవసానం కావచ్చు. పాటలో తేడా కొన్నిచోట్ల వరణ ఫలితం కావచ్చు. సంకర వంధ్యత్వం దాదాపు ఎప్పుడూ యాదృచ్ఛికం. కాలక్రమంలో ‘ముందు’, ‘తరువాత’ అని విభజించడం సౌకర్యం కోసం చేసిన పని. కారణాన్ని బట్టి విభజించడమే వివరణ. మొదటిది ఉంటే చాలుననుకోవడం వల్ల రెండోది బోధనలో జారిపోయింది.

దోమలలో పనికివచ్చిన భావన

ఇంత విమర్శ తరువాత ఈ భావనను వదిలేయవచ్చునా అంటే, భారతదేశపు మలేరియా పరిశోధన వద్దంటుంది. గ్రామీణ మలేరియాకు ప్రధాన వాహకమైన అనాఫిలిస్ క్యులిసిఫేసిస్‌ను చాలాకాలం ఒకే జాతిగా లెక్కించారు. 1980లో గ్రీన్, మైల్స్ ఈ దోమల బృహత్ క్రోమోసోములను పరిశీలించి, రెండు రకాల విలోమ అమరికలు కలిసి ఉన్న సంకరాలు ప్రకృతిలో లేకపోవడాన్ని బట్టి ఇందులో ఒకటికి మించిన జాతులున్నాయని చూపారు. తరువాతి పరిశోధనల్లో అవి ‘ఏ’, ‘బి’, ‘సి’, ‘డి’, ‘ఈ’ అని ఐదుగా తేలాయి. రెక్క చూసినా కాలు చూసినా తేడా తెలియదు. కానీ ‘బి’ మలేరియా వ్యాప్తిలో చాలా బలహీనమైనది, తక్కినవి వాహకాలు. ఒక ప్రాంతంలో ఏ దోమపై మందు చల్లాలో నిర్ణయించే సందర్భంలో, ‘ఈ రెండూ ప్రకృతిలో సంకరిస్తున్నాయా?’ అన్న ప్రశ్న తాత్త్విక చర్చ కాదు. మేయర్ నిర్వచనానికి ఉన్న సత్తా అంతా ఇక్కడ కనిపిస్తుంది. ఒకే చోట, ఒకే కాలంలో కలిసి జీవించే లైంగిక జీవులకు అది పదునైన పరికరం. శిలాజాలకు, అలైంగిక జీవులకు, సముద్రం అడ్డున్న జనాభాలకు దాన్ని వర్తింపజేయబోతే మొద్దుబారుతుంది. ఆ పరిమితి చాలామంది చర్చించినదే కనుక ఇక్కడ విస్తరించనవసరం లేదు.

తెలుగువారైన ద్రోణంరాజు కృష్ణ 1960లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన ఒక చిన్న వ్యాసం ఈ చర్చలో తగినంతగా గుర్తింపు పొందలేదు. హాల్డేన్ 1957లో కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థకు వచ్చి స్థిరపడినప్పుడు ఆయన వద్ద చేరిన యువకులలో ద్రోణంరాజు ఒకరు. వేర్వేరు రంగుల లాంటానా పూలను ఏయే సీతాకోకచిలుకలు ఎంచుకుంటున్నాయో గమనించి, ఆ అభిరుచే ఒకే చోట పెరిగే మొక్కలను రెండు జాతులుగా విడదీసే అవకాశం ఉన్న కారకమని ఆయన సూచించారు. ఖరీదైన పరికరమేదీ అక్కర్లేని పరిశీలన అది. దాని బలం కూడా, బలహీనత కూడా అక్కడే ఉన్నాయి. పరాగ సంపర్కానికి వచ్చే కీటకం ఎంపిక మొక్కకు వివక్తత కాగలదన్నది లోతైన ఊహ. కానీ కీటకం ఎటు వాలిందో లెక్కించడం ఒకటి, పుప్పొడి ఎటు చేరిందో, గింజ కట్టిందో లేదో చూపడం మరొకటి. పైగా లాంటానా సంకరాలతో, బహుస్థితిక రూపాలతో నిండిన మొక్క. అయినా ఆ వ్యాసం శీర్షికలోనే దాన్ని కేవలం సాధ్యమైన కారకంగా చెప్పుకున్న నిగ్రహం, తరువాతి కాలపు అతి నమ్మకపు ప్రకటనల మధ్య గౌరవనీయంగా కనిపిస్తుంది.

గోడ దాటే జన్యువులు

వివక్తత సంపూర్ణమన్న నమ్మకాన్ని గత రెండు దశాబ్దాల జన్యుక్రమ పరిశోధనలు చాలావరకు సడలించాయి. సుమారు 25 శాతం వృక్ష జాతులు, 10 శాతం జంతు జాతులు ఏదో ఒక ఇతర జాతితో సంకరిస్తాయని జేమ్స్ మాలెట్ 2005లో అంచనా వేశారు. 2012లో హెలికోనియస్ సీతాకోకచిలుకల జన్యుక్రమం వెల్లడైనప్పుడు, శత్రువులను హెచ్చరించే రెక్కల రంగుల అమరికే ఒక జాతి నుంచి మరో జాతికి సంకరణం ద్వారా చేరిందని తేలింది. గాలాపాగోస్‌లోని డాఫ్నే మేజర్ దీవిలో 1973 నుంచి ఫించ్ పక్షులను పరిశీలించిన పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతుల అనుభవం మరింత విచిత్రమైనది. 1981లో వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని ఎస్పన్యోలా దీవి నుంచి ఒక పెద్ద మగ ఫించ్ వచ్చి స్థానిక జాతితో జతకట్టింది. దాని సంతతి కొద్ది తరాలలోనే తమలో తామే జతకట్టే ప్రత్యేక వంశంగా మారింది. వాటిని స్థానిక పక్షుల నుంచి వేరు చేసినవి ముక్కు పరిమాణం, తండ్రి దగ్గర నేర్చుకున్న పాట. వివక్తతను సంకరణమే పుట్టించిన సందర్భమిది. సంకరణాన్ని ఆపేదే వివక్తత అని నేర్చుకున్న విద్యార్థికి ఈ ఉదాహరణను ఏ గడిలో వేయాలో తెలియదు.

జాతి, సంకరం అనే మాటలు

ఈ సందర్భంలో తెలుగు పరిభాషకు ఆంగ్లానికి లేని అదనపు చిక్కు ఉంది. ‘జాతి’ అన్న మాటనే మనం దేశానికి, కులానికి, తెగకు, జీవశాస్త్ర ప్రమాణానికి వాడతాం. ‘సంకరం’ అన్న మాట వెనుక వర్ణసంకర భయపు సుదీర్ఘ చరిత్ర ఉంది. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుని ఆందోళనలలో అది ఒకటి. ఈ రెండు మాటలు కలిసిన వాక్యంలో ‘వివక్తత యాంత్రికాలు జాతి స్వచ్ఛతను కాపాడతాయి’ అన్న ధోరణి చేరితే, అది ఈగల గురించి చెప్పినా వినేవాడి చెవిలో సమాజం గురించి మోగుతుంది. ‘స్వచ్ఛత’ అన్న ప్రమాణం మేయర్ నిర్వచనంలో లేదు, డాబ్జాన్‌స్కీ నమూనాలో లేదు. డాబ్జాన్‌స్కీ జాతివివక్షను బహిరంగంగా వ్యతిరేకించినవారు కూడా. మానవులందరూ ఒకే జాతి. ఏ రెండు మానవ సమూహాల మధ్యా ప్రత్యుత్పత్తి వివక్తత లేదు. 2010లో నియాండర్తాల్ జన్యుక్రమం వెల్లడైన తరువాత, ఆఫ్రికా వెలుపలి మనుషుల జన్యు సంపదలో కొంత భాగం ఆ పాత మానవుల నుంచి వచ్చినదేనని స్పష్టమయింది. సంకరాన్ని కళంకంగా భావించే వాక్యం జీవశాస్త్రంలో తప్పు వాక్యమే.

పరిశోధకులలో చాలామంది ఇప్పుడు ‘యాంత్రికాలు’ అనడం మాని ‘అవరోధాలు’ అంటున్నారు. తెలుగులోనూ ‘ప్రత్యుత్పత్తి అవరోధాలు’ అన్న మాట అందుబాటులోనే ఉంది. ఉద్దేశాన్ని ఆరోపించకపోవడం ఈ మాటకున్న మేలు. కానీ అవరోధం కూడా గోడనే తలపిస్తుంది. దాటలేని గోడ ఎంత ఉందో, కాస్త వంగితే దాటే కంచె ఎంత ఉందో అది చెప్పదు. అందువల్ల పేరు మార్పుతోపాటు పరిమాణాన్ని చెప్పే అలవాటు కూడా రావాలి. ఏ దిక్కున, ఏ తరంలో, ఏ లింగంలో, ఎంత మేరకు అన్నవి లేకుండా ‘ఈ రెండు జాతుల మధ్య వివక్తత ఉంది’ అన్న వాక్యం అసంపూర్ణం.

ఆ అలవాటుకు ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కర్లేదు. రాయలసీమ రైతు వేసే వేరుశనగలో 40 క్రోమోసోములున్నాయి. దక్షిణ అమెరికాలోని రెండు ద్వయస్థితిక అడవి జాతులు, అరాకిస్ డ్యురానెన్సిస్, అరాకిస్ ఇపాయెన్సిస్ కలిసిన సంకరం నుంచి, క్రోమోసోముల సంఖ్య రెట్టింపయి పుట్టిన పంట అది. 20 క్రోమోసోముల బంధువులతో దాన్ని కలిపితే గొడ్డు త్రయస్థితికాలే వస్తాయి. జాబితా ప్రకారం కథ అక్కడితో ముగియాలి. కానీ క్రోమోసోములను కృత్రిమంగా రెట్టింపు చేసి, పండే వేరుశనగతో మళ్లీ మళ్లీ కలిపి, అరాకిస్ కార్డెనాసియై అనే అడవి జాతిలోని తుప్పు తెగులు, ఆకుమచ్చ తెగులు నిరోధక గుణాన్ని ప్రజనన శాస్త్రజ్ఞులు పంటలోకి తెచ్చారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఈ కృషికి ఒక ముఖ్య కేంద్రం. పట్టభద్ర స్థాయి పాఠాలలో త్రయస్థితిక వంధ్యత్వం పరిణామం పాఠంలో ఉంటుంది, తెగులు నిరోధక వేరుశనగ పంటల మెరుగుదల పాఠంలో ఉంటుంది. ఒకే మొక్క గురించి చెప్పే ఆ రెండు పాఠాలలో ఒకటి సంకరానికి దారి మూసి ఉందంటుంది, మరొకటి ఆ దారినే నడిచి చూపిస్తుంది.